తుపాకీకి సైలెన్సర్ బిగించుకోవచ్చా? అడవి పందుల నుంచి పంటను కాపాడుకునే మార్గాలు, వాటి లాభనష్టాలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో రబీ మొక్కజొన్న పాలు పోసుకునే దశకు వచ్చిందంటే అడవి పందుల బెడద మొదలవుతుంది. కొండ దిగువ పొలాల్లో వేరుశనగ, చెరకు, దుంప పంటలకూ ఇదే పరిస్థితి. ఒక్క రాత్రిలో అరెకరం తొక్కిపోయిన పొలాలను నేను చాలా చూశాను.

ఆమధ్య రైతు సేవా కేంద్రానికి వచ్చిన ఒక పెద్ద రైతు, అందరూ వెళ్లేదాకా ఆగి, నెమ్మదిగా అడిగారు: "బాబూ, తుపాకీ పేలిత్తే ఊరంతా లెగిసిపోతంది. సప్పుడు రాకుండా సైలెన్సరంట, అదేదో బిగించుకోవచ్చేటి?" ఆయన ఇంట్లో తండ్రి నాటి నాటు తుపాకీ ఉంది. ఫోనులో వీడియోలు చూసి ఇదే ప్రశ్న ఇంకొందరూ అడుగుతున్నారు. అందుకే వివరంగా చెబుతున్నాను.

సైలెన్సర్ ఏం చేస్తుంది?

తుపాకీ పేలినప్పుడు గొట్టం చివర నుంచి వేడి వాయువు ఒక్కసారిగా బయటకు తన్నుకొస్తుంది. పెద్ద శబ్దానికి ముఖ్య కారణం అదే. సైలెన్సర్‌లోని గదులు ఆ వాయువును కాస్త ఆపి, చల్లబరిచి వదులుతాయి. దీనివల్ల శబ్దం సుమారు 20 నుంచి 30 డెసిబెల్స్ తగ్గుతుంది. రైఫిల్ శబ్దం 160 డెసిబెల్స్ వరకు ఉంటుంది కాబట్టి, తగ్గిన తరువాత కూడా అది పెద్ద టపాసు పేలినట్టే ఉంటుంది. ధ్వని కంటే వేగంగా వెళ్లే తూటా గాలిలో చేసే చప్పుడు ఎలాగూ పోదు. సినిమాల్లో చూపించే "టుప్" అనే శబ్దం నిజం కాదు.

ఫిన్లాండ్, నార్వే, న్యూజిలాండ్ వంటి దేశాల్లో వేటగాళ్లు చెవులు కాపాడుకోవడానికి వీటిని వాడతారు. అక్కడ కూడా తుపాకీ బరువు, పొడవు పెరగడం, వేడెక్కడం, తరచూ శుభ్రం చేయాల్సి రావడం వంటి ఇబ్బందులు ఉన్నాయి.

మన రైతుకు ఎందుకు పనికిరాదు?

మొదటిది చట్టం. 1959 ఆయుధాల చట్టం ప్రకారం, తుపాకీ శబ్దాన్ని గానీ మంటను గానీ తగ్గించడానికి తయారైన పరికరం కూడా తుపాకీ కిందకే వస్తుంది. అంటే అనుమతి లేకుండా సైలెన్సర్ దగ్గర పెట్టుకుంటే, తుపాకీ అసలు లేకపోయినా, లైసెన్సు లేని ఆయుధం ఉన్నట్టే లెక్క. ఆన్‌లైన్‌లో దొరికిందనో, వెల్డింగ్ షాపులో చేయించామనో చెబితే చెల్లదు.

రెండవది తుపాకీ రకం. పంట రక్షణ కోసం చట్టం చెప్పేది గొట్టం ముందు నుంచి మందు కూరే తుపాకీ గురించి. ఆ మందు మసి ఎక్కువగా వదులుతుంది. ఇంట్లో తయారైన గొట్టం ఏదైనా దాని చివర బిగిస్తే పగిలి చేతికో ముఖానికో తగిలే ప్రమాదం ఉంది.

మూడవది, అన్నింటికంటే ముఖ్యమైనది. పొలంలో మనకు కావలసిందే ఆ చప్పుడు. పందులు బెదిరి పోవాలంటే శబ్దం రావాలి. చప్పుడు లేకుండా కాల్చాలంటే దాని అర్థం జంతువును చంపడమే. అడవి పంది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం పరిధిలో ఉంది. అటవీ శాఖ అధికారి రాతపూర్వక అనుమతి లేకుండా చంపడం నేరం.

ఇంకొక మాట. తండ్రి పేరున ఉన్న లైసెన్సు కొడుకుకు చెల్లదు. తండ్రి చనిపోతే తుపాకీని పోలీస్ స్టేషన్‌లో గానీ లైసెన్సు ఉన్న డీలర్ దగ్గర గానీ అప్పగించి, తన పేరున లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవాలి. ఆ పెద్దాయనకు నేను ముందుగా చెప్పింది ఇదే. లైసెన్సు ఉండి తుపాకీ పేల్చేవారు చెవుల కోసం ఇయర్ ప్లగ్గులు పెట్టుకుంటే సరిపోతుంది.

ప్రాణం తీసే పద్ధతులు

కరెంటు తీగ: స్తంభం నుంచి తీగ లాగి పొలం చుట్టూ కట్టడం నేరం. ఆ తీగకు పంది, పశువు, కూలి, తెల్లారగట్ల నీరు పెట్టడానికి వెళ్లిన సొంత కొడుకు అన్న తేడా తెలియదు. మనిషి చనిపోతే తీగ కట్టిన రైతు జైలుకు వెళతాడు, రెండు కుటుంబాలు రోడ్డున పడతాయి. 2023 మే నెలలో భామిని మండలం కాత్రగడ దగ్గర కరెంటు తగిలి ఒకేసారి నాలుగు ఏనుగులు చనిపోయాయి. పొలాల్లో కరెంటు విషయంలో ఎంత జాగ్రత్త అవసరమో అప్పుడు మన ప్రాంతమంతా చూసింది.

నాటు బాంబులు, ఉచ్చులు: మేతకు వెళ్లిన ఆవు నోరు, బంతి అనుకుని పట్టుకున్న పిల్లవాడి చేయి పోతాయి.

కార్బైడ్ గన్: పైపులో కార్బైడ్, నీళ్లు వేసి పేల్చేది. వెలగలేదని గొట్టంలోకి తొంగి చూసినప్పుడే పేలుతుంది. 2025 దీపావళికి మధ్యప్రదేశ్‌లో దీనివల్ల వంద మందికి పైగా కళ్లకు గాయాలయ్యాయి. వారిలో పిల్లలే ఎక్కువ. దీన్ని పొలానికి తేవద్దు.

పనికొచ్చే పద్ధతులు

1. ఆముదం అంచు పంట: మొక్కజొన్న చుట్టూ నాలుగు వరుసలు దగ్గరగా వేసుకోవాలి. ఆముదం వాసన, గుబురు పందికి లోపలి పంట వాసన తెలియకుండా చేస్తాయి. ఖర్చు తక్కువ, గింజలూ వస్తాయి. అయితే విత్తే సమయానికే వేయాలి. పందులు వచ్చాక వేస్తే ఉపయోగం లేదు.

2. కుళ్లిన గుడ్ల ద్రావణం: లీటరు నీటికి 20 మి.లీ. కలిపి, పంట మీద కాకుండా గట్టు చుట్టూ అడుగు వెడల్పున నేల తడిచేలా పిచికారీ చేయాలి. పందికి చూపు తక్కువ, వాసన పట్టే శక్తి ఎక్కువ. వాన పడితే మళ్లీ కొట్టాలి.

3. శబ్దాలు: డబ్బాలు, టపాసులు, రికార్డు చేసిన కుక్కల అరుపుల మైకు. మొదటి నాలుగైదు రోజులు బాగా పనిచేస్తాయి. రోజూ ఒకే చోట, ఒకే సమయానికి మోగిస్తే పందులు అలవాటు పడిపోతాయి. చోటు, వేళ, శబ్దం మారుస్తూ ఉండాలి. మంచె మీద మనిషి ఉంటేనే దీనికి బలం.

4. ముళ్ల తీగ చుట్టలు: పంటకు అడుగు దూరంలో నేలను ఆనించి చుట్టలుగా పరచాలి. పశువులు తిరిగే దారిలో వద్దు.

5. సోలార్ కంచె: ఇది సుమారు సెకనుకు ఒకసారి, సెకనులో వెయ్యోవంతు కంటే తక్కువ సమయం షాక్ ఇస్తుంది. బాగా చురుక్కుమంటుంది గానీ ప్రాణం తీయదు. ఐఎస్‌ఐ ప్రమాణం ఉన్న ఎనర్జైజర్ మాత్రమే కొనాలి. కింది తీగ నేలకు అడుగులోపు ఉండాలి, లేకపోతే పంది కింద నుంచి దూరిపోతుంది. గడ్డి తీగకు తగిలితే షాక్ బలం పోతుంది కాబట్టి వారానికొకసారి కోయాలి. హెచ్చరిక బోర్డు పెట్టాలి. ఒక్కరికి ఖర్చు ఎక్కువ. పక్కపక్క పొలాల వారు పది, పదిహేను ఎకరాలకు కలిసి వేసుకుంటే ఎకరాకు పడే ఖర్చు బాగా తగ్గుతుంది.

ఏది ఎంచుకోవాలి?

ఎకరం, రెండెకరాల రైతుకు నా సలహా: ఆముదం అంచు, గుడ్ల ద్రావణం, వంతులవారీ కాపలా కలిపి చేసుకోండి. ఒక్క పద్ధతినే నమ్ముకోవద్దు. పందులు ఏటా వచ్చే కొండ వారగా ఉన్న పొలాల వారు కలిసి సోలార్ కంచె ఆలోచించండి.

పై పద్ధతులు పందులకే. ఏనుగుల గుంపు వస్తే ఎవరూ ఎదురు వెళ్లకూడదు, టపాసులతో తరమకూడదు. వెంటనే అటవీ సిబ్బందికి చెప్పాలి. ఉద్దానం జీడి తోటల్లో ఎలుగుబంటి కనిపించినా అంతే. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఎలుగుబంటి దాడిలో మనిషి ప్రాణం పోయిన సంగతి మరవద్దు.

నష్టం జరిగితే

తొక్కిపోయిన పంటను దున్నక ముందే ఫోటోలు తీయండి. రైతు సేవా కేంద్రంలో, అటవీ శాఖ కార్యాలయంలో దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి. 2026 ఖరీఫ్ నుంచి ప్రధానమంత్రి ఫసల్ బీమాలో అడవి జంతువుల నష్టాన్ని కూడా చేర్చుతున్నట్టు కేంద్రం ప్రకటించింది. రాష్ట్రం గుర్తించిన జంతువులు, ప్రాంతాలకే ఇది వర్తిస్తుంది. నష్టం జరిగిన 72 గంటల్లో తెలియజేయాలి. మీ మండలం అందులో ఉందో లేదో విత్తే ముందే కనుక్కోండి. సందేహాలుంటే కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

ఆ పెద్దాయన ఇప్పుడు పక్క పొలాల వారితో కలిసి వంతుల కాపలా కాస్తున్నారు. పందులు పూర్తిగా ఆగలేదు, నష్టం మాత్రం తగ్గింది. తుపాకీ స్టేషన్‌లో అప్పగించారు. ఒక పంట పోయినా మళ్లీ వేసుకోవచ్చు. కేసులో ఇరుక్కున్నా, ప్రాణం పోయినా ఆ ఇల్లు కోలుకోవడం కష్టం.