అంతర్జాల తటస్థత: ధర నుండి దారి వరకు – భారతీయ అనుభవం

అంతర్జాలంలో ప్రయాణించే సమాచారం ఎవరిదైనా, దేనికి సంబంధించినదైనా, సేవాసంస్థ దానిని వివక్ష లేకుండా చేరవేయాలన్నది అంతర్జాల తటస్థత సూత్రం. ‘నెట్ న్యూట్రాలిటీ’ అనే పదబంధాన్ని 2003లో అమెరికా న్యాయశాస్త్ర ఆచార్యులు టిమ్ వూ ప్రచారంలోకి తెచ్చారు. అక్కడ వివాదం ప్రధానంగా అడ్డగింత చుట్టూ, వేగం చుట్టూ నడిచింది. భారతదేశంలో మాత్రం ఈ చర్చ ధరతో మొదలైంది.

2014 డిసెంబరులో ఎయిర్‌టెల్ అంతర్జాల ఫోన్ కాల్స్‌కు ప్రత్యేక రుసుము ప్రకటించి, విమర్శలు రావడంతో ఉపసంహరించుకుంది. 2015 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్, రిలయన్స్ కమ్యూనికేషన్స్‌తో కలిసి ‘ఇంటర్నెట్.ఆర్గ్’ను ప్రారంభించింది. తొలి విడత రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కూడా ఉన్నాయి. తరువాత ‘ఫ్రీ బేసిక్స్’గా పేరు మారిన ఈ పథకంలో ఎంపికైన సైట్లు మాత్రమే డేటా ఖర్చు లేకుండా తెరుచుకునేవి. ఈ పద్ధతినే జీరో రేటింగ్ అంటారు.

సమర్థకుల వాదన తేలికగా తోసిపుచ్చదగినది కాదు. అంతర్జాలమే అందని పేదవారికి కొంతైనా ఉచితంగా అందడం మేలు కదా అన్న ప్రశ్నకు నైతిక బలం ఉంది. కానీ ఆ ‘కొంత’ ఏదో నిర్ణయించే అధికారం ఎవరిదన్నదే అసలు చిక్కు. తెలుగులో వ్యవసాయ సమాచారం అందించే ఒక చిన్న సైటు ఆ జాబితాలో లేదనుకుందాం. దానిని ఎవరూ అడ్డగించరు, దాని వేగమూ తగ్గదు. అయినా అటువంటిదే మరొకటి ఉచితంగా దొరుకుతుండగా డబ్బు చెల్లించి దీనిని తెరిచేవారు అరుదు. వేగాన్ని తాకకుండానే ధర పాఠకులను మళ్లించగలదు.

2015లో ట్రాయ్ చేపట్టిన సంప్రదింపులకు పది లక్షలకు పైగా ఈమెయిళ్లు వచ్చాయి. ఆ తరువాతి విడతలో ఫ్రీ బేసిక్స్‌కు మద్దతుగా వచ్చిన మూస లేఖలు అడిగిన ప్రశ్నలకు సమాధానాలు కావని ట్రాయే ఆక్షేపించింది. సంఖ్యాబలం వాదనాబలం కాదన్న సంగతి ఇరుపక్షాలకూ వర్తిస్తుంది. చివరకు 2016 ఫిబ్రవరి 8న వెలువడిన నిబంధనలు, చూసే విషయాన్ని బట్టి డేటాకు వేర్వేరు ధరలు విధించడాన్ని నిషేధించాయి. ఉల్లంఘనకు రోజుకు 50,000 రూపాయల చొప్పున, గరిష్ఠంగా 50 లక్షల వరకు జరిమానా నిర్ణయించారు.

అయితే ఈ నిబంధనల పరిధి ధరకే పరిమితం. అడ్డగింత, వేగం తగ్గింపు, పక్షపాత ప్రాధాన్యం వంటివాటిని నిషేధించాలని ట్రాయ్ 2017 నవంబరులో సిఫారసు చేయగా, 2018లో అవి లైసెన్సు షరతులలో చేరాయి. ‘సహేతుక ట్రాఫిక్ నిర్వహణ’కు మినహాయింపు ఉంది, అది అవసరానికి తగినంతగా, తాత్కాలికంగా, పారదర్శకంగా ఉండాలి.

క్లిష్టత ఇక్కడే. సాయంత్రం వీడియో నెమ్మదించినప్పుడు కారణం రద్దీయా, సంస్థ విధానమా అన్నది వినియోగదారునికి కనిపించదు. కనిపించే పరికరాలన్నీ సంస్థ చేతిలోనే ఉంటాయి. అమెరికాలో కామ్‌కాస్ట్ ఉదంతం ఇందుకు నిదర్శనం. ఆ సంస్థ పరికరాలు బిట్‌టొరెంట్ మార్పిడిలో ఉన్న కంప్యూటర్లకు, అవతలి కంప్యూటరే సంబంధం తెంచుకుందని నమ్మించే నకిలీ సంకేతాలు పంపేవి. 2007లో ఒక వినియోగదారుడు తన సొంత ట్రాఫిక్‌ను పరీక్షించుకున్నాకే అది బయటపడింది. చట్టం ఉన్నా కొలత లేనిచోట ఉల్లంఘనను రుజువు చేయడం కష్టం. ఈ పర్యవేక్షణలో ప్రభుత్వానికి తోడ్పడేందుకు సేవాసంస్థలు, పరిశోధకులు, పౌరసంఘాలు, వినియోగదారులు భాగస్వాములుగా ఒక ఉమ్మడి సంస్థను ఏర్పరచాలని ట్రాయ్ 2020 సెప్టెంబరులో సిఫారసు చేసింది.