పాలపుంతలో ఆ నల్లటి చీలిక ఎందుకు?

దసరా రాత్రి దేవరగట్టు కొండమీద జరిగే బన్ని ఉత్సవంలో దశమి వెన్నెల, దివిటీల వెలుగు కలిసి చుక్కల్ని కనబడనివ్వవు. దీపావళి అమావాస్య ముందువెనకల, పొద్దుగూకిన గంటకు అదే గట్టెక్కి చూడండి. నైరుతి నుంచి దాదాపు నడినెత్తి మీదుగా పాలపుంత పరుచుకుని, నిలువునా నల్లగా చీలి కనిపిస్తుంది. అక్కడ చుక్కలు లేవా?

ఉన్నాయి. ధూళి అడ్డం వస్తోంది. మిల్లీమీటరులో పదివేలో వంతుండే సిలికేట్, కార్బన్ రేణువులవి. చుట్టూ ఉన్న వాయువు బరువులో వీటిది దాదాపు నూరోవంతే. అయినా వెనక ఉన్న వెలుగును మింగేస్తున్నాయి.

మింగిన వెలుగు ఏమవుతుంది? రేణువును కాస్త వెచ్చబరుస్తుంది. కాస్తంటే, సున్నాకు దిగువన 255 డిగ్రీల దాకా! అంత చల్లటి వస్తువూ వేడిని వదులుతూనే ఉంటుంది. పొయ్యిలో నిప్పు కంటికి కనిపిస్తుంది, పైన బూడిద వేడి అరచేతికే తెలుస్తుంది. ఈ ధూళిదీ అదే సంగతి. దాని వెలుగు తరంగదైర్ఘ్యం 150, 200 మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యోవంతు ఒక మైక్రాన్) దగ్గర, కంటికందని పరారుణంలో ఉంటుంది.

మరి ఎలా పట్టుకున్నారు? 1983లో ఐరాస్ ఉపగ్రహం 100 మైక్రాన్ల దాకానే చూడగలిగింది. కొత్త నక్షత్రాల దగ్గర వెచ్చబడ్డ ధూళే దానికి బాగా కనిపించింది. లెక్క కడితే సర్పిల గెలాక్సీల్లో ఉండాల్సిన ధూళిలో పదోవంతే తేలింది. మిగతాది చల్లటిది. 1995లో ఎగిరిన ఐసో ఉపగ్రహం 240 మైక్రాన్ల దాకా చూసి దాన్ని బయటపెట్టింది.

భూమ్మీది నుంచి ఈ పని కుదరదు, గాలిలోని నీటిఆవిరి ఆ కిరణాల్ని ఆపేస్తుంది. అందుకే టాటా మౌలిక పరిశోధనా సంస్థవారు హైదరాబాదు నుంచి మీటరు వెడల్పు అద్దమున్న టెలిస్కోపును బెలూన్‌కు కట్టి 30 కిలోమీటర్ల ఎత్తుకు పంపారు. మన పాలపుంతలో నక్షత్రాలు పుట్టే మబ్బుల్లోని చల్లటి ధూళిని కొలిచారు. మన బడిపుస్తకాల్లో ఉండాల్సిన కథ ఇది.

ఇంతకీ ఆ ధూళి ఎక్కడెక్కడ ఉంది? అంచువైపు నుంచి కనిపించే గెలాక్సీల్లో దాని పొర నక్షత్రాల పొరలో సగం మందమే. వాయుమేఘాలు ఢీకొని, వేగం పోగొట్టుకుని నడితలానికి దిగుతాయి, ధూళీ వాటితోనే దిగుతుంది. నక్షత్రాలు అలా ఢీకొనవు. బయటికి వెళ్లేకొద్దీ మాత్రం నక్షత్రాలు త్వరగా పలచబడతాయి, ధూళి నిదానంగా పలచబడుతుంది. కాచే నక్షత్రాలు తక్కువ కాబట్టి అక్కడ అది ఇంకా చల్లన. అలాగని అంతటా సమంగానూ లేదు. ఆండ్రోమెడా గెలాక్సీలో ఎక్కువ ధూళి కేంద్రం నుంచి సుమారు 33 వేల కాంతిసంవత్సరాల దూరాన పెద్ద వలయంగా పేరుకుంది.