ఎత్తు పెంచిన జీపు – ముందు చక్రముల వణుకు

1997 నమూనాతో కాయిల్ స్ప్రింగులు చేరిన జీప్ రాంగ్లర్‌ను ఉదాహరణగా గ్రహింతము. దీని ముందు ఇరుసు ఏకఖండము. ఒక చక్రమున పుట్టిన కంపము రెండవదానికి ప్రాకును.

ఒకానొక వేగమున మాత్రమే స్టీరింగు సన్నగా వణకినచో మనము మొదట చక్రముల బాలెన్సింగు చూడవలెను. వణుకు పాదముల క్రింద తోచినచో ప్రొపెల్లర్ షాఫ్టు కోణమును శంకింపవలెను. గతుకు తగిలినంతనే ముందు భాగమంతయు ఊగిపోయినచో, బండిని నిలిపి, ఒకరిచే స్టీరింగు అటునిటు త్రిప్పించుచు ట్రాక్ బారు బుష్షులలో, టై రాడ్ ఎండ్లలో వదులును కనిపెట్టవలెను.

ఎత్తు పెరిగినచో కాస్టర్ కోణము తగ్గును. అప్పుడు స్టీరింగు తనంతట తాను నడిమికి మరలదు. క్రింది కంట్రోల్ ఆర్ముల నిడివి పెంచి దీనిని సరిదిద్దవచ్చును. స్టీరింగ్ డాంపరును మాత్రమే మార్చినచో వణుకు అణగును గాని వదులు అట్లే యుండి, ఒకనాడు వేగములో బండిని చేయి జార్చును.