పాట పుట్టుకతో రాదు: సొంతంగా గొంతు సాధన చేసేవారికి

విద్యార్థి సంఘాల్లో తరచూ వినే మాట ఒకటుంది: "పాట వాళ్లు పాడతారులే, మనకు గొంతు లేదు." ఏప్రిల్ 14 సభ అయినా, దాడి జరిగిన వాడకు న్యాయం కోరే ధర్నా అయినా పాడేది ఇద్దరు ముగ్గురే. వాళ్ల గొంతు బొంగురుపోతే ఆ రోజుకు పాట లేనట్టే. మరోవైపు, "దళితులకు పాట రక్తంలోనే ఉంటుంది" అని మెచ్చుకునేవాళ్లు ఉన్నారు. వినడానికి పొగడ్తే కానీ, మన కళాకారుల ఏళ్ల సాధనను ఆ మాట చెరిపేస్తుంది. ఈ రెండు మాటలకూ మూలం ఒక్కటే: పాట పుట్టుకతో రావాలే తప్ప నేర్చుకుంటే రాదని. విద్యను పుట్టుకకు కట్టేయడం ఈ దేశంలో ఎవరికి లాభమో మనకు తెలియంది కాదు.

డప్పు కళాకారులు వాయించే ముందు గడ్డి మంట వేసి డప్పు కాపుతారు. సెగకు తోలు బిగుస్తుంది, మోత పైకి లేస్తుంది. కొట్టి చూసి, చాలకపోతే మళ్లీ కాపుతారు. శ్రుతి చేయడమంటే ఇదే. శ్రుతి అనేది సంగీత కళాశాలల సొత్తు కాదు, వాడలో రోజూ జరిగే పని. మన గొంతులోనూ దాదాపు ఇదే జరుగుతుంది. స్వరపేటికలోని రెండు సన్నని మడతలు ఊపిరి తగిలి కంపిస్తాయి. అవి సాగి బిగిస్తే స్వరం పెరుగుతుంది, వదులైతే తగ్గుతుంది. వాటిని అదుపులో పెట్టుకోవడం సాధనతో వచ్చేదే.

మీ శ్రుతి ఏది?

కొత్తవాళ్లలో చాలామంది గద్దర్ పాటను గద్దర్ శ్రుతిలోనే పాడబోయి గొంతు పట్టేసుకుంటారు. ముఖ్యంగా అమ్మాయిలకు ఆ శ్రుతి కుదరక, "నాకు రాదు" అని వదిలేస్తారు. తప్పు గొంతుది కాదు, ఎంచుకున్న శ్రుతిది. ఫోన్‌లో ఉచితంగా దొరికే తంబురా యాప్ పెట్టుకోండి. పాటలోని అతి కింది మాట వినపడేలా, అతి పై మాట అరవకుండా పలికే చోటే మీ శ్రుతి.

రోజుకు ఇరవై నిమిషాలు

మొదటి ఐదు నిమిషాలు ఊపిరికి. భుజాలు లేవకుండా, పొట్ట, పక్కటెముకలు విచ్చుకునేలా గాలి తీసుకుని "స్‌స్‌" అంటూ నెమ్మదిగా, సమంగా వదలండి. తర్వాతి ఐదు నిమిషాలు తంబురాతో కలిపి నోరు మూసి కూనిరాగం తీయండి. గొంతు వేడెక్కడానికి ఇది మంచి మార్గం. మిగతా పది నిమిషాలు పాటకు.

పాడింది రికార్డు చేసి వినండి. మొదటిసారి మీ గొంతు మీకే నచ్చకపోవచ్చు. మన గొంతును మనం గాలి ద్వారానే కాక తల ఎముకల ద్వారా కూడా వింటాం. రికార్డులో ఆ రెండోది ఉండదు, అందుకే పల్చగా అనిపిస్తుంది. నచ్చిందా లేదా అని కాదు, శ్రుతి ఎక్కడ జారిందో వెతకండి.

సరళీ వరుసలు పాడాలా అని అడుగుతుంటారు. స్వరాలు గుర్తుపట్టడానికి వ్యాయామంగా వాడుకోవచ్చు. కానీ మన పాటల్లోని జారుడు, విరుపు, యాస దిద్దుకోవలసిన లోపాలు కావు. అవి పాటలో భాగం.

వంతతో మొదలుపెట్టండి

నాటు పాటలు, కోత పాటలు కొత్తవారికి మంచి బడి. చరణాలు చిన్నవి, స్వరాలు తక్కువ, ఒకరు అందిస్తే మిగతావాళ్లు అందుకుంటారు. 1972లో ఏర్పడిన జన నాట్య మండలి ఇలాంటి జానపద బాణీలనే ఆయుధం చేసుకుంది. బుర్రకథలో కూడా కథకుడి పక్కన ఇద్దరు వంతలుంటారు. ముందు మాటలను పాటలా కాక మాట్లాడినట్టు చెప్పండి. తర్వాత చప్పట్లతో దరువు పట్టుకోండి. బాణీ చివర. గుంపులో వంత పాడటం నిలకడగా వచ్చాక ఒక చరణం మీరు అందుకోండి.

సభలో గొంతు కాపాడుకోవాలంటే

చుట్టూ గోల ఉంటే మనకు తెలియకుండానే గొంతు పెంచుతాం. నినాదాలిచ్చిన వెంటనే పాడితే దెబ్బ రెట్టింపు. అందుకే నినాదాలకు, పాటకు వేర్వేరు మనుషులను పెట్టుకోండి. మైకు ఉంటే వాడండి. మధ్యమధ్య నీళ్లు తాగండి. నొప్పి పుడితే ఆపండి, దాన్ని ఓర్చుకోవడం సాధన కాదు. మూడు వారాలైనా బొంగురు తగ్గకపోతే చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించాలి.

2023లో గద్దర్ వెళ్లిపోయారు. ఆయన పాటలు ఫోన్లలో భద్రంగానే ఉన్నాయి. వాడలో పెద్దవాళ్ల నోట ఉన్న పాటలకు ఆ భద్రత కూడా లేదు. వాళ్లను అడిగి, వాళ్ల అనుమతితో రికార్డు చేయండి. పాడినవారి పేరు, ఊరు రాసుకోండి. ఇంటికొచ్చి విని, నేర్చుకుని, మళ్లీ వాళ్ల ముందే పాడి చూపించండి. ఎక్కడ తప్పారో వాళ్లే చెబుతారు.