గాలి బరువు, కడలి మట్టము

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురమునకు చేరువనే తీరము దాటినది. వశిష్ఠ గోదావరి అంతర్వేది వద్ద సాగరమున కలియు ఆ సీమవారికి ఉప్పెన యనగా ఈదురుగాలి తరిమి తెచ్చు నీరని తెలియును. అయితే గాలి వీచుట వేరు, గాలి మోపు బరువు వేరు. ఆ బరువు తగ్గుట వలనను కడలి లేచును.

సముద్రతలముపై వాతావరణపీడనము సగటున 1013 మిల్లీబార్లు. అది ఒక మిల్లీబారు తగ్గినచోట, చుట్టునున్న నీరు వచ్చి చేరి, మట్టము దాదాపు ఒక సెంటీమీటరు పెరుగును. పీడనము హెచ్చినచోట అంతే అణగును. జేమ్స్ క్లార్క్ రాస్ అను ఆంగ్ల నావికుడు 1848-49 శీతకాలమున ఆర్కిటిక్ మంచునడుమ నిలిచి దీనిని కొలిచి, 1854లో ప్రకటించెను.

నేడు ఆ కొలత ఉపగ్రహములది. 1992లో 1336 కిలోమీటర్ల ఎత్తున నిలిచిన టోపెక్స్-పొసైడన్ గాని, ఇస్రో ఫ్రెంచివారితో కలిసి 2013 ఫిబ్రవరి 25న శ్రీహరికోట నుండి పంపిన సరళ్ గాని, రాడారు తరంగమును క్రిందికి విడిచి, అది అలలకు తగిలి మరలివచ్చు కాలమును బట్టి కడలి ఎత్తును గణించినవే. ఇక్కడ గాలి రెండు విధముల అడ్డుపడును. తరంగమును ఆలస్యపరచి సముద్రమును రెండు మీటర్లకు పైగా దిగువనున్నట్లు చూపుట ఒకటి. నిజముగానే నీటిని ఎత్తుటయో అణచుటయో రెండవది. ఉపగ్రహము పీడనమును కొలువజాలదు గనుక, వాతావరణ కేంద్రముల గణితము నుండి ఆ విలువలను గ్రహించి రెండింటిని సవరింతురు. ప్రపంచ సాగరమట్టము ఏటేట పెరుగునది మూడు నాలుగు మిల్లీమీటర్లే. ఒక్క అల్పపీడనము కలిగించు పొంగు దానికి ఎన్నో రెట్లు. ఈ సవరణ లేనిదే ఆ మందగతి పెరుగుదల కంటబడదు.

కాని శాస్త్రజ్ఞుడు లెక్కనుండి తీసివేయు ఆ నీరు తీరగ్రామమైన బియ్యపుతిప్ప వాకిట నిలుచు నీరే. 2014 అక్టోబరు 12న విశాఖను తాకిన హుద్‌హుద్ కేంద్రపీడనము 950 మిల్లీబార్లకు దిగినది. ఆ లోటు ఒక్కటే కేంద్రమున నీటిని అరువది సెంటీమీటర్లు ఎత్తజాలును. విశాఖ రేవులో నమోదైన ఉప్పెన 1.4 మీటర్లు. అందు అధికభాగము గాలి తోపు. లోతు తక్కువైన తీరములలో ఆ తోపు మరింత విజృంభించును.

కావున తుఫాను ప్రకటనలో కేంద్రపీడనపు అంకె కనబడినప్పుడు, తీరవాసులు దానిని 1013 నుండి తీసి చూతురు గాక: మిగిలిన అంకె ఎంతయో, గాలి తోపు ఇంకను కలుపకయే నీరు రమారమి అన్ని సెంటీమీటర్లు లేవగలదు. ఊరు విడువుమని అధికారులు చెప్పిననాడు గాలి లేచువరకు వేచియుండవలదు.