నాణెములపై జంట ముద్రలు

పాత నాణెమును భూతద్దము క్రింద నుంచి చూచినపుడు ఒక్కొక్కతఱి అక్షరములు రెండేసిగా గానవచ్చును. అది అపురూపమని పిల్లలు సంతసింతురు. అమ్మువాడు వెల పెంచును. కాని జంటగా నున్నవన్నియు నొక్క జాతివి కావు. వాని భేదము నెఱిగినవాడు మోసపోడు, ఒరుల మోసగింపడు.

టంకసాలలో రెండు ఉక్కు అచ్చుల నడుమ లోహపు బిళ్లను పెట్టి అదిమినచో నాణెమగును. ఆ అచ్చును సిద్ధపఱచుటకు దానిపై తల్లి అచ్చును నొక్కుదురు. పూర్వ మొక్క నొక్కుతో పని ముగియక, పలుమార్లు నొక్కవలసి వచ్చెడిది. నడుమ అచ్చు ఇంచుక తిరిగినచో అక్షరములు అచ్చునందే జంటలగును. దానితో కొట్టిన నాణెములన్నిటను ఆ జంట ఒకే తీరున నుండును. అక్షరము లావై, కొనలు చీలి, రెండు రూపములును పైకి తేలియుండును. 1955 సంవత్సరపు అమెరికా ఒక సెంటు నాణెము ఇందుకు ప్రసిద్ధమైన యుదాహరణము.

రెండవది యంత్రము వదులగుటచే కలుగునది. దెబ్బ పడినవెంటనే అచ్చు కదలి అక్షరపు అంచును ఒరయును. అచ్చట మెట్టువలె చదునైన గీత యేర్పడి, అక్షరము సన్నబడును. అచ్చు అరిగినచో అక్షరముల చుట్టును మసకగా ఉబ్బును. ఈ రెంటికిని సేకరించువారు ప్రత్యేకమైన వెల నీయరు.

మూడవది, నాణెము అచ్చునుండి తొలగక మఱియొక దెబ్బ తినుట. అపుడు బొమ్మయు అక్షరములును ప్రక్కకు జరిగి మరల కానవచ్చును.

నాలుగవది బుద్ధిపూర్వకముగా చేసినది. 1906లో నాసిక్ ప్రాంతమున జోగల్‌తెంబియందు 13,000కు పైగా వెండి నాణెములు దొరకినవి. అవి క్షహరాత వంశీయుడగు నహపానునివి. వానిలో 9,000కు పైగా నాణెములపై శాతవాహన ప్రభువగు గౌతమీపుత్ర శాతకర్ణి ఒకవైపు చైత్యమును, రెండవవైపు ఉజ్జయినీ చిహ్నమును కొట్టించెను. వాని క్రింద నహపానుని ముఖమును, గ్రీకు అక్షరములును అచ్చటచ్చట తొంగిచూచుచున్నవి. పైముద్ర తరువాతి వానిది గదా! శాతకర్ణి క్షహరాతులను నిర్మూలించెనని నాసిక్ గుహాశాసనము చెప్పుమాటకు ఈ నాణెములు సాక్ష్యమిచ్చినవి. ఎవరైన వెండికై వానిని కరగించియున్నచో ఆ సాక్ష్యము మూగవోయెడిది.

మన పలనాటిలోను నాగార్జునకొండయందు ఇక్ష్వాకుల సీసపు నాణెములు లభించినవి. కావున పొలము దున్నునపుడు పాత నాణెములు దొరకినచో వానిని చింతపండుతో తోమరాదు. కంసాలి మూసలో వేయింపరాదు. 1878 నాటి నిధుల చట్టము ననుసరించి, దొరకిన నిధి విలువ పది రూపాయలు మించినచో కలెక్టరునకు తెలుపవలెను. తోమిన నాణెము మెఱయును గాని, దాని క్రింది ముద్ర మఱి తిరిగి రాదు.