కోవిడ్ కాలంలో ఉత్తరాంధ్ర స్థానిక ప్రజాప్రతినిధి: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పరిశీలన

వ్యాససంగ్రహం

కోవిడ్-19 తొలి రెండు ఉధృతుల కాలంలో ప్రభుత్వ చర్యలు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల గ్రామాలకు చేరిన తీరును స్థానిక ప్రజాప్రతినిధి నిలబడిన చోటు నుంచి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. చట్టం ఆ ప్రతినిధికి ఇచ్చిన స్థానం ఏమిటి, ఎన్నికలు జరగనందువల్ల ఆ స్థానం ఎంతకాలం ఖాళీగా ఉంది, ఆ ఖాళీ వలస కుటుంబాల జీవితంలోనూ మృతుల అంత్యక్రియలలోనూ ఎలా బయటపడింది అనే అంశాలను ఈ వ్యాసం చర్చిస్తుంది. పొరుగున ఉన్న ఒడిశా అనుసరించిన పద్ధతిని పోలికకు తీసుకుంటుంది.

కీలకపదాలు: కోవిడ్-19, స్థానిక సంస్థలు, సర్పంచు, జిల్లా పరిషత్తు, వలస, ఉత్తరాంధ్ర.

1. ఉపోద్ఘాతం

ఉత్తరాంధ్ర పల్లెల్లో సర్పంచును నేటికీ 'ప్రెసిడెంటు గారు' అని పిలుస్తారు. పదవీకాలం ముగిసినా ఆ పిలుపు పోదు. 2020 మార్చి చివరివారంలో లాక్‌డౌన్ మొదలైన నాటికి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల గ్రామాల్లో మిగిలి ఉన్నది ఈ పిలుపు ఒక్కటే. 2013లో ఎన్నికైన పంచాయతీల గడువు 2018 ఆగస్టు మొదట్లో తీరిపోయి, ప్రత్యేకాధికారుల పాలన నడుస్తోంది. మండల, జిల్లా పరిషత్తుల గడువు, పురపాలక సంఘాల గడువు 2019 జూలైతో ముగిశాయి. శ్రీకాకుళం పట్టణానికైతే 2010 తరువాత ఎన్నికైన పాలకవర్గమే లేదు. శాసనసభ్యుడికీ గ్రామానికీ మధ్య ఓటు ద్వారా వచ్చిన మనిషి ఒక్కరూ లేని కాలంలో ఈ మహమ్మారి వచ్చింది.

ఈ జిల్లాలకు అది ఆలస్యంగా వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో తొలి కేసు 2020 మార్చి 12న నెల్లూరులో నమోదైంది. శ్రీకాకుళంలో ఏప్రిల్ నాలుగో వారం వరకు, విజయనగరంలో మే మొదటివారం వరకు కేసు లేదు. ఏప్రిల్ 30న కేంద్రం ప్రకటించిన మండలాల విభజనలో రాష్ట్రం మొత్తం మీద ఆకుపచ్చ మండలంలో ఉన్న జిల్లా విజయనగరం ఒక్కటే. ఆరేడు వారాల ఈ వ్యవధి సిద్ధపడటానికి దొరికిన అవకాశం. దానిని ఎవరు ఉపయోగించగలిగారు, ఉపయోగించవలసినవారిలో ఎవరు అసలు రంగంలోనే లేరు అనేది మన ప్రశ్న.

2. చట్టం చూపిన స్థానం

మహమ్మారి నియంత్రణ పూర్తిగా అధికారుల పని అనే భావన సామాన్యంగా ఉంది. చట్టం అలా చెప్పదు. రాష్ట్ర ప్రభుత్వం 1897 నాటి అంటువ్యాధుల చట్టం కింద 2020 మార్చిలో నిబంధనలు జారీచేసింది. ఆ వలసపాలన నాటి చట్టంలో ప్రజాప్రతినిధికి చోటు లేని మాట నిజమే. కాని లాక్‌డౌన్‌కు ఆధారమైనది 2005 విపత్తు నిర్వహణ చట్టం. ఆ చట్టం 25వ సెక్షన్ ప్రకారం జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు కలెక్టరు అధ్యక్షుడు. జిల్లా పరిషత్తు ఉన్న చోట దాని అధ్యక్షుడు లేదా అధ్యక్షురాలు సహాధ్యక్షులు. అంటే కలెక్టరు పక్కన మరొక కుర్చీ ఉంది. ఆ కుర్చీ ఎన్నికైన వ్యక్తిది.

రాజ్యాంగం పదకొండవ షెడ్యూలు ఆసుపత్రులు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలతో సహా ఆరోగ్యం, పారిశుద్ధ్యం అనే అంశాన్ని పంచాయతీలకు అప్పగించదగిన వాటిలో చేర్చింది. 1994 పంచాయతీరాజ్ చట్టం అంటువ్యాధుల నివారణ చర్యలను గ్రామ పంచాయతీ విధులలో పేర్కొంది. అందువల్ల 2020లో సర్పంచు గాని జిల్లా పరిషత్తు అధ్యక్షులు గాని ఉండి ఉంటే వారు చేసేది ఉదారంగా అందించే సాయం కాదు, చట్టం విధించిన బాధ్యత. పత్రికలలోనూ చర్చలలోనూ ఈ తేడాను గమనించినవారు తక్కువ.

3. ఎన్నికల వాయిదా

ఆ కుర్చీలు నిండవలసిన నెలలోనే వ్యాధి వచ్చింది. స్థానిక ఎన్నికల ప్రక్రియ 2020 మార్చి 7న మొదలైంది. మార్చి 15న రాష్ట్ర ఎన్నికల కమిషనర్ ఎన్. రమేశ్ కుమార్ కోవిడ్ కారణంగా వాటిని ఆరు వారాలు వాయిదా వేశారు. ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్‌మోహన్ రెడ్డి ఆ నిర్ణయాన్ని బహిరంగంగా తప్పుపట్టారు. ఎన్నికలు జరగకపోతే కేంద్ర ఆర్థిక సంఘం నిధులు రావన్నది ప్రభుత్వ వాదనలో ఒక భాగం. పారాసెటమాల్, బ్లీచింగ్ పౌడర్ గురించి ఆనాడు ఆయన అన్న మాటలు తరువాత ఎంతో కాలం విమర్శకు గురయ్యాయి. మార్చి 18న సుప్రీంకోర్టు వాయిదాను సమర్థించింది.

వైద్య దృష్టితో చూస్తే వాయిదా సరైనదే. అయితే వాదోపవాదాల వేడిలో రెండు పక్షాలూ ఒక విషయాన్ని పక్కన పెట్టాయి. పంచాయతీల గడువు తీరి అప్పటికే ఏడాదిన్నర దాటింది. కోవిడ్ వల్ల ఎన్నికలు ఆగింది 2020లో. అంతకు ముందు అవి ఆగడానికి కోవిడ్ కారణం కాదు. ఆ ఆలస్యంలో 2019కి ముందున్న ప్రభుత్వానికీ తరువాత వచ్చిన ప్రభుత్వానికీ వాటా ఉంది.

4. సచివాలయం, వాలంటీరు

ఖాళీని నింపింది కొత్త యంత్రాంగం. 2019 ఆగస్టు 15న వాలంటీర్ల వ్యవస్థ, అదే ఏడాది అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు ప్రారంభమయ్యాయి. గ్రామంలో సుమారు యాభై ఇళ్ళకు ఒక వాలంటీరు. విదేశాల నుంచి వచ్చినవారి వివరాల సేకరణ, ఇంటింటి జ్వరాల సర్వే, ఇళ్ళ వద్దనే ఉండవలసిన వారి మీద నిఘా వంటి పనులను వాలంటీర్లు, ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు కలిసి చేశారు. ఈ పనిని తక్కువ చేసి చూడటం న్యాయం కాదు. మూత్రపిండాల వ్యాధి తీవ్రంగా ఉన్న ఉద్దానంలో డయాలసిస్ రోగి వారానికి రెండు మూడుసార్లు సోంపేటకో పలాసకో వెళ్ళక తప్పదు. బస్సులు ఆగిన రోజుల్లో అటువంటి ఇల్లు ఏదో తెలిసిన మనిషి ఊళ్ళోనే ఉండటం చిన్న విషయం కాదు.

ఈ జిల్లాల రాజకీయ నాయకుల దృష్టి ఇక్కడే రెండుగా చీలింది. 2019లో విజయనగరం జిల్లాలోని 9 శాసనసభ స్థానాలూ, శ్రీకాకుళంలోని 10 స్థానాలలో 8 వైఎస్సార్ కాంగ్రెస్‌కు దక్కాయి. టెక్కలి, ఇచ్ఛాపురం స్థానాలు, శ్రీకాకుళం లోక్‌సభ స్థానం తెలుగుదేశానివి. అధికారపక్షం వారికి వాలంటీరు గడప దాకా వచ్చిన ప్రభుత్వం. ప్రతిపక్షం వారికి ఎన్నిక లేకుండా వచ్చిన పార్టీ మనిషి. 2020 ఏప్రిల్ 4న రేషన్ కార్డు ఉన్న పేద కుటుంబాలకు వెయ్యి రూపాయల చొప్పున పంచినప్పుడు, ఆగిన ఎన్నికలలో పోటీకి దిగిన అభ్యర్థులే ఆ సొమ్మును పంచుతున్నారని రాష్ట్రవ్యాప్తంగా ప్రతిపక్షాలు ఫిర్యాదు చేశాయి. ఆ ఫిర్యాదు వెనుక ఉన్న స్థితిని గుర్తించాలి. నామినేషన్ వేసిన వ్యక్తి అభ్యర్థిగానే మిగిలాడు, ప్రతినిధి కాలేదు. జవాబుదారీ లేకుండా జనం మధ్య తిరిగే అవకాశం మాత్రం ఉంది.

పార్లమెంటు సభ్యుడి చేతులు మరో విధంగా కట్టుబడ్డాయి. వైద్య పరికరాలకు తమ నియోజకవర్గ నిధిని వాడుకోవచ్చని 2020 మార్చిలో అనుమతించిన కేంద్రం ఏప్రిల్ 6న ఆ నిధినే రెండేళ్ళపాటు నిలిపివేసింది. 2021 నవంబరులో గాని దానిని పునరుద్ధరించలేదు.

5. తిరిగి వచ్చినవారు

ఈ ప్రాంతంలో మహమ్మారి ప్రభావానికి మరో పేరు వలస. శ్రీకాకుళం జిల్లాకు సుమారు 193 కిలోమీటర్ల తీరం ఉన్నా, మరబోట్లు ఆగే చేపల రేవు లేదు. అందువల్లనే ఇక్కడి మత్స్యకారులు ఏటా గుజరాత్‌లోని వెరావల్‌కు వెళ్ళి అక్కడి బోట్ల యజమానుల వద్ద కూలికి వేటాడుతారు. లాక్‌డౌన్ ప్రకటించిన నాటికి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవారు అధిక సంఖ్యలో ఉన్న నాలుగు వేలకు పైగా ఆంధ్ర మత్స్యకారులు అక్కడ చిక్కుకుపోయారు. రేవులో ఆగిన బోట్ల మీదనే వంట, నిద్ర. రాష్ట్ర ప్రభుత్వం గుజరాత్ ప్రభుత్వంతో మాట్లాడి, ఏప్రిల్ చివర, మే మొదట్లో వారిని బస్సుల్లో రప్పించింది. అంత దూరం నుంచి అంతమందిని తీసుకురావడం నిస్సందేహంగా ప్రభుత్వ సామర్థ్యానికి నిదర్శనం.

బస్సు ఊరికి చేరిన తరువాతి కథ వేరు. వచ్చినవారిని ఎక్కడ ఉంచాలి? పాఠశాలలో ఉంచితే చుట్టుపక్కలవారు ఒప్పుకుంటారా? ఒక వీధివారికి భయం, మరొక వీధివారికి కోపం. అప్పటికే ఎన్నో పల్లెలు పొలిమేరలో ముళ్ళకంపలు అడ్డంవేసుకున్నాయి. ఇటువంటి తగవు ఆదేశంతో తీరదు. రెండు పక్షాలనూ కూర్చోబెట్టి, రేపు మళ్ళీ అదే ఊళ్ళో ముఖం చూపవలసిన మనిషి మాట్లాడితే తీరుతుంది. ప్రత్యేకాధికారికి నాలుగైదు ఊళ్ళ బాధ్యత, దాని మీద తన శాఖ పని. వాలంటీరు చాలా చోట్ల ఇరవై ఏళ్ళు దాటిన యువకుడో యువతో. ఊరి పెద్దలతో వాదించే స్థానం వారిది కాదు.

ఇక్కడ సరిహద్దు దాటి చూడటం ఉపయోగకరం. ఇచ్ఛాపురం దాటితే ఒడిశాలోని గంజాం జిల్లా. అక్కడివారు సూరత్ మగ్గాల మీద పనిచేస్తారు. వలస స్వభావం రెండు వైపులా ఒకటే. 2020 ఏప్రిల్ 19న ఒడిశా ముఖ్యమంత్రి నవీన్ పట్నాయక్ సర్పంచులకు తమ పంచాయతీ పరిధిలో కలెక్టరు అధికారాలు ఇస్తున్నట్టు ప్రకటించారు. తిరిగి వచ్చేవారి పేర్లు పంచాయతీలోనే నమోదు, పద్నాలుగు రోజుల క్వారంటైన్, అది పూర్తిచేసినవారికి రెండు వేల రూపాయలు. ఆ అధికారం ఇవ్వడం సాధ్యమైంది అక్కడ 2017లో ఎన్నికైన సర్పంచులు ఉన్నందువల్లనే. అయినా వ్యాధి ఆగలేదు. ఆ ఏడాది జూలైలో ఒడిశాలో అత్యధికంగా దెబ్బతిన్న జిల్లా గంజామే. కాబట్టి సర్పంచు ఉంటే వైరస్ రాదని ఎవరూ వాదించలేరు. వాదించగలిగినది ఇంతే: వచ్చినవాడిని ఊరు ఎలా చూడాలన్న ప్రశ్నకు అక్కడ జవాబు చెప్పవలసిన వ్యక్తి ఎవరో అందరికీ తెలుసు.

ఆ ప్రశ్న ఎంత ఘోరంగా ఎదురుకాగలదో 2021 మే తొలి రోజుల్లో జి.సిగడాం మండలంలో జరిగిన ఘటన చూపింది. వ్యాధితో విజయవాడ నుంచి స్వగ్రామానికి వచ్చిన కుటుంబాన్ని ఊరి వెలుపలే ఉంచారు. ప్రాణం పోతున్న తండ్రికి నీళ్ళు పోయబోయిన కూతురిని, ఆమెకూ సోకుతుందన్న భయంతో తల్లి అడ్డుకుంది. ఆ దృశ్యాన్ని దేశమంతా చూసింది. ఆమదాలవలస మొదలుకొని ఎన్నో ఊళ్ళు తమ పేరులోనే 'వలస'ను మోస్తున్న ప్రాంతమిది. ఎక్కడి నుంచో వచ్చి స్థిరపడినవారి ఊళ్ళు అవి.

6. మరణం, మర్యాద

2020 జూన్‌లో పలాస-కాశీబుగ్గ పురపాలక సంఘం పరిధిలో కోవిడ్ సోకిన వృద్ధుడి మృతదేహాన్ని జేసీబీతో తరలించారు. ముఖ్యమంత్రి దానిని ఖండించారు. మునిసిపల్ కమిషనర్‌ను, శానిటరీ ఇన్‌స్పెక్టర్‌ను సస్పెండ్ చేశారు. జూలైలో ప్రభుత్వం కోవిడ్ మృతుల అంత్యక్రియలకు 15 వేల రూపాయల సాయం ప్రకటించింది. చర్య త్వరగానే జరిగింది. అయితే శిక్ష పడిన ఇద్దరూ ఉద్యోగులే కావడం గమనించదగినది. ఆ పురపాలక సంఘంలో అప్పుడు ఛైర్మన్ లేరు, కౌన్సిలర్లు లేరు. భయంతో ఎవరూ ముందుకు రాని శవాన్ని గౌరవంగా సాగనంపడానికి వీధిలో నలుగురిని పోగుచేసే బాధ్యత ఎవరి మీదా లేదు. ఉత్తరాంధ్రలో చావు ఇంటికి ముందుగా చేరేది వార్డు మెంబరు లేదా ఊరి ప్రెసిడెంటు అన్నది అందరికీ అనుభవమే.

7. రెండో ఉధృతి, ఆలస్యంగా వచ్చిన ప్రతినిధులు

పంచాయతీ ఎన్నికలు 2021 ఫిబ్రవరిలో నాలుగు దశలుగా, పురపాలక ఎన్నికలు మార్చి 10న జరిగాయి. శ్రీకాకుళం నగరం ఈసారీ మినహాయింపే. కొత్త సర్పంచులకు పదవి చేతికి వచ్చిన కొద్ది వారాలకే రెండో ఉధృతి విరుచుకుపడింది. ఏప్రిల్ 26 తెల్లవారుజామున విజయనగరం జిల్లా ఆసుపత్రిలో ఆక్సిజన్ ఒత్తిడి పడిపోయింది. మరణాలకు అదే కారణమా కాదా అన్న వివాదం చాలా రోజులు సాగింది. అవే రోజుల్లో మందస మండలానికి చెందిన ఒక మహిళ మృతదేహాన్ని వాహనం దొరక్క కుటుంబసభ్యులు ద్విచక్రవాహనం మీద మధ్యలో కూర్చోబెట్టుకుని తీసుకుపోయారు.

ఈసారి సర్పంచు ఉన్నారు. చేతిలో ఏమున్నదంటే బ్లీచింగ్, హైపోక్లోరైట్ పిచికారీ, చాటింపు. వాలంటీరు, సచివాలయ సిబ్బంది సర్పంచుకు కాక పై అధికారులకు నివేదించే ఏర్పాటు అప్పటికే స్థిరపడిపోయింది. ఆ తరువాత పంచాయతీ ఖాతాల్లోని ఆర్థిక సంఘం నిధులను విద్యుత్ బకాయిల కింద జమకట్టుకున్నారని పార్టీలకు అతీతంగా సర్పంచులు రోడ్డెక్కారు. అధికారపక్షం మద్దతుతో గెలిచినవారు కూడా వారిలో ఉండటం ఆ ఫిర్యాదుకు బలం.

పరిషత్తుల పోలింగు 2021 ఏప్రిల్ 8న జరిగినా, న్యాయవివాదాల వల్ల ఓట్ల లెక్కింపు సెప్టెంబరు 19 వరకు ఆగింది. రెండో ఉధృతి అంతా పెట్టెల్లో మూసి ఉన్న ఆ ఓట్ల పక్కనే గడిచింది. సెప్టెంబరు 25న శ్రీకాకుళం జిల్లా పరిషత్తుకు పిరియా విజయ, విజయనగరానికి మజ్జి శ్రీనివాసరావు అధ్యక్షులుగా ఎన్నికయ్యారు. విపత్తు నిర్వహణ చట్టం కలెక్టరు పక్కన వేసిన కుర్చీలో ఈ రెండు జిల్లాలకు మనిషి వచ్చింది ఆ రోజున.